ఇంటి సర్వర్ డైరీ: వైఫై కార్డు కునుకు తీస్తే

శనివారం పొద్దున

పాత ల్యాప్‌టాప్‌ని ఇంటి సర్వర్ చేసే పని ఒక కొలిక్కి వచ్చింది. ఫోటోల బ్యాకప్ నడుస్తోంది. అమ్మ తన ఫోన్లో పాత పాటలు వింటోంది. మూత మూసినా మిషన్ పడుకోకుండా లాగిన్‌డీ అనే లైనక్స్ ప్రోగ్రాం సెట్టింగుల్లో లిడ్ స్విచ్‌ని ఇగ్నోర్‌లో పెట్టాను. ల్యాప్‌టాపే ఎందుకంటే దానికి బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా విడిగా యూపీఎస్ అక్కర్లేదు. రౌటరుకి మాత్రం ఒక బుల్లి యూపీఎస్ తగిలించాను, అరగంట దాకా లాగుతుంది.

ఇల్లు గుంటూరులో, అద్దెది. రౌటరు హాల్లో ఉంది, సర్వర్ పడగ్గదిలో బీరువా మీద ఉంది. కేబుల్ లాగుదామంటే ఓనరుగారు గోడకి చిల్లు అనగానే మొహం మాడ్చుకుంటారు. కాబట్టి వైఫైయే గతి.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే తలనొప్పి. డెస్క్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఇంకో మిషన్‌కి కమాండ్లు కొట్టే పద్ధతిలో) సర్వర్‌లోకి వెళ్ళి టైపు చేస్తుంటే అక్షరాలు ఆగి ఆగి పడుతున్నాయి. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందా అంటే అదీ కాదు. పెద్ద ఫైలు కాపీ పెడితే స్పీడు దివ్యంగా ఉంది. అంతకంటే వింత, వెనకాల ఆ కాపీ నడుస్తున్నంతసేపూ టైపింగ్ కూడా సాఫీగా సాగుతోంది. కాపీ అయిపోయిన మరుక్షణం మళ్ళీ నత్తనడకే. లోడు పెరిగితే బాగుపడి, ఖాళీగా ఉంటే మొరాయించే నెట్‌వర్క్ అంటే ఎక్కడో పవర్ సేవింగ్ ఉందన్నమాట.

అమ్మ ఫిర్యాదు వేరు. అప్పుడప్పుడూ యాప్ తెరిస్తే సర్వర్ కనపడట్లేదని చూపిస్తోంది.

“ఏరా, నీ డబ్బా మళ్ళీ నిద్రపోయిందా? లిస్టే రావట్లా.”

“లేదమ్మా, ఇంకోసారి తెరిచి చూడు.”

“ప్రతిసారీ ఇంకోసారేనా!”

అమ్మకి తెలియకపోయినా మాట సరిగ్గా తగిలింది. మిషన్ మెలకువగానే ఉంది, దాని వైఫై కార్డు నిద్రపోతోంది.

శనివారం మధ్యాహ్నం

డెస్క్‌టాప్ రౌటరుకి కేబుల్‌తోనే కలిసి ఉంది కాబట్టి పరీక్షకి బాగా పనికొచ్చింది. దారిలో గాలిలో వెళ్ళే ముక్క ఒక్కటే, రౌటరు నుంచి సర్వర్ దాకా. డెస్క్‌టాప్ నుంచి సర్వర్‌కి సెకనుకి ఒకటి చొప్పున పింగ్ (జవాబు ఎంతసేపటికి వస్తుందో కొలిచే చిన్న ప్యాకెట్) పెట్టాను. మిల్లీసెకన్లలో వచ్చిన అంకెలు ఇలా ఉన్నాయి: 11, 35, 58, 82, 5, 29, 52, 77, 101, మళ్ళీ కిందికి.

సిగ్నల్ బాగాలేకపోతే అంకెలు ఇష్టమొచ్చినట్టు ఎగరాలి. ఇవి మాత్రం లెక్కగా మెట్టుమెట్టుగా పెరిగి, ఒక్కసారిగా పడి, మళ్ళీ పెరుగుతున్నాయి. ఒక్కో మెట్టూ సుమారు 24. ఈ 24 ఎక్కడిదో తేలితే మిగతాదంతా తేలుతుందని కాగితం తీశాను.

వైఫైలో పవర్ సేవింగ్ పని చేసే తీరు ఇది. కార్డు పడుకునే ముందు తాను పంపే ఫ్రేము హెడ్డర్లో పవర్ మేనేజ్‌మెంట్ అనే ఒక బిట్‌ని 1 చేసి రౌటరుకి పంపుతుంది. ఇక రౌటరు ఆ కార్డుకి వచ్చే ప్యాకెట్లని పంపకుండా తన దగ్గరే అట్టిపెడుతుంది. మనం ఇంట్లో లేనప్పుడు వచ్చిన కొరియర్లని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాచి ఉంచినట్టు. ఎవరెవరికి సరుకు ఉందో చెప్పే జాబితా పేరు టిమ్. రౌటరు క్రమం తప్పకుండా పంపే బీకన్‌లో అది ఉంటుంది. కార్డు బీకన్ వేళకి లేచి, టిమ్‌లో తన నంబరు ఉందా అని చూసుకుంటుంది. ఉంటే అడిగి తీసుకుంటుంది, లేకపోతే మళ్ళీ కునుకు.

బీకన్ ఎంతసేపటికోసారి వస్తుందో ఐడబ్ల్యూ అనే వైఫై కమాండులో లింక్ అని అడిగితే అదే చెప్పింది: బీకన్ ఇంటర్వల్ 100, డీటిమ్ పీరియడ్ (అందరికీ కలిపి పంపే ప్యాకెట్లని ఎన్ని బీకన్లకోసారి వదలాలో చెప్పే అంకె) 1. ఈ 100 మిల్లీసెకన్లు కాదు, టైమ్ యూనిట్లు. ఒక్కో యూనిట్ 1024 మైక్రోసెకన్లు. అంటే బీకన్‌కీ బీకన్‌కీ మధ్య 102.4 మిల్లీసెకన్లు.

ఇక లెక్క. సెకనులో, అంటే 1000 మిల్లీసెకన్లలో, 102.4 తొమ్మిదిసార్లు పోగా 78.4 మిగులుతుంది. ఒక పింగ్ తర్వాత ఇంకో పింగ్ వచ్చేసరికి బీకన్ చక్రంలో 78.4 ముందుకు జరిగిపోతాం. పదో బీకన్ రావడానికి 24 మిల్లీసెకన్లు ఉంటుంది. కాబట్టి ఒక్కో పింగ్ వెనకటి దానికంటే 24 ఎక్కువసేపు ఆగాలి. ఆగే సమయం 102 దాటలేదు కాబట్టి నాలుగైదు మెట్లెక్కాక కిందికి పడుతుంది. కాగితం మీద లెక్కా స్క్రీన్ మీద అంకెలూ ఒకటే. ఇంత శుభ్రంగా కుదిరే బగ్గు రోజూ దొరకదు. నిజానికి ఇది బగ్గే కాదు, రాసుకున్న ప్రమాణం ప్రకారం పద్ధతిగా జరుగుతున్న పని.

ఖాయం చేసుకోవడానికి పింగ్ మధ్య విరామాన్ని 0.05 సెకనుకి తగ్గించాను. అంకెలన్నీ రెండు, మూడుకి దిగిపోయాయి. ప్యాకెట్ వచ్చాక కార్డు వెంటనే పడుకోదు, దాదాపు 100 మిల్లీసెకన్లు ఎదురు చూసి, ఇంకేమీ రాకపోతేనే పడుకుంటుంది. 50కి ఒకటి చొప్పున తట్టి లేపుతుంటే దానికి నిద్రెక్కడిది? ఫైలు కాపీ నడుస్తున్నప్పుడు టైపింగ్ బాగుండటానికి కారణం ఇదే.

ఇదే పరీక్ష తిరగేసి, సర్వర్ నుంచి రౌటరుకి పింగ్ చేస్తే ఏ లోపమూ కనపడదు. పంపేది కార్డే కాబట్టి అప్పటికే లేచి ఉంటుంది, జవాబు వచ్చేది రెండు మిల్లీసెకన్లలో, అప్పటికింకా మేలుకునే ఉంటుంది. స్పీడ్ టెస్టుదీ అదే కథ. అందుకే “నా ల్యాప్‌టాప్‌లో నెట్ బాగానే ఉందే” అనుకునే చాలామందికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. బయటినుంచి తలుపు తట్టేవాడికే తెలుస్తుంది.

ఆదివారం

కార్డు ఇంటెల్ 7260, 2013 నాటిది. డ్రైవరు ఐడబ్ల్యూఎల్‌వైఫై, దాని మీద ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం. ఓఎస్ లైనక్స్ మింట్.

ఇలాంటి సమస్యకి ఎక్కడ చూసినా ఒకటే మందు చెబుతారు: డ్రైవరు సెట్టింగులుండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్లో ఐడబ్ల్యూఎల్‌వైఫై మాడ్యూల్‌కి పవర్ సేవ్ 0 అని రాసి రీబూట్ చెయ్యి. రాసే ముందు మాడ్యూల్ వివరాలు చూపే మాడ్‌ఇన్ఫో కమాండ్ కొట్టి చూశాను. ఆ పారామీటర్ ఎదురుగా డిఫాల్ట్ డిజేబుల్ అని ఉంది. అంటే అది ముందునుంచీ సున్నాయే. సున్నాని సున్నా చేస్తే ఏం ఒరుగుతుంది? అయినా ఐడబ్ల్యూతో గెట్ పవర్ సేవ్ అని అడిగితే ఆన్ అనే జవాబు వస్తోంది.

తిరకాసు ఇక్కడే ఉంది. పవర్ సేవ్ అనే పేరుతో ఒకటి కాదు, రకరకాల మీటలు ఉన్నాయి. పేరు ఒకటే కాబట్టి అన్నీ ఒకటేనని అనుకుంటాం. 7260 లాంటి కార్డుల్లో డ్రైవరు వైపునుంచి అసలు లెక్కలోకి వచ్చేది ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం మాడ్యూల్లోని పవర్ స్కీమ్. 1 అంటే ఎప్పుడూ మెలకువ, 2 అంటే మధ్యరకం, 3 అంటే బాగా పొదుపు. డిఫాల్ట్ 2. అది 1 కానంతవరకూ పవర్ సేవ్ ఆన్ అయి ఉండాలనే డ్రైవరు కర్నెల్‌కి (ఓఎస్ గుండెకాయకి) చెబుతుంది. ఆ పైన రన్ అవుతున్నప్పుడు ఐడబ్ల్యూతో మార్చే మీట ఉంది. దానికి పైన, కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాం తన ఇష్టం తను రుద్దుతుంది. కార్డుని బోర్డుకి కలిపే పీసీఐఈ లైనుకి ఏఎస్‌పీఎమ్ అని ఇంకో పొదుపు విడిగా ఉంది. దాంట్లో నిద్ర లేచే ఆలస్యం మైక్రోసెకన్లలో ఉంటుంది, మన 100 మిల్లీసెకన్లకి దానితో సంబంధం లేదు, దాని జోలికి పోలేదు.

అదే మందుల చీటీలో ఇంకోటి కూడా ఉంటుంది, 11ఎన్ డిజేబుల్ 1. దయచేసి పెట్టకండి. అది పవర్ సంగతి కాదు, 802.11ఎన్ అనే వైఫై ప్రమాణాన్నే మొత్తంగా ఆపేస్తుంది. కార్డు పాతకాలపు 54 మెగాబిట్ల వేగానికి దిగిపోతుంది. యూఏపీఎస్‌డీ (ఇంకో రకం వైఫై పొదుపు) డిజేబుల్ పారామీటర్ కూడా డిఫాల్ట్‌గానే 3లో ఉంది, అంటే ఆపేసే ఉంది. ఏది మార్చే ముందైనా మాడ్‌ఇన్ఫో ఒకసారి చూస్తే సగం మందులు అక్కర్లేదని తెలుస్తుంది.

రీబూట్ అక్కర్లేని మార్గం ముందు చూశాను. ఐడబ్ల్యూ డెవ్, ఇంటర్‌ఫేస్ పేరు, సెట్ పవర్ సేవ్ ఆఫ్. డెస్క్‌టాప్‌లో పింగ్ నడుస్తూనే ఉంది. ఎంటర్ కొట్టిన మరుసటి సెకనుకే మెట్లు మాయం, 2, 3, 2, 2. టైపింగ్ వెన్నలా సాగింది.

ఇది రీబూట్‌తో పోతుంది కాబట్టి శాశ్వతంగా ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న. సర్వర్ కరెంటు మీద ఉన్నంతసేపూ కార్డు మెలకువగా ఉండాలి, బ్యాటరీ మీదికి వెళ్తే పొదుపు చెయ్యాలి, ఇదీ నేను కోరుకున్నది. టీఎల్‌పీ అనే ప్రోగ్రాం సరిగ్గా అదే చేస్తుంది. దాంట్లో వైఫై పవర్ ఆన్ ఏసీ, వైఫై పవర్ ఆన్ బ్యాట్ అని రెండు లైన్లు ఉంటాయి. డిఫాల్ట్‌గానే మొదటిది ఆఫ్, రెండోది ఆన్. ఇన్‌స్టాల్ చేసి స్టార్ట్ చేశాను. చార్జర్ పీకితే ఆన్, పెడితే ఆఫ్. బాగుంది, పడుకున్నాను.

మంగళవారం రాత్రి

సాయంత్రం గాలివాన. కరెంటు గంటన్నర లేదు. రౌటరు యూపీఎస్ దారిలోనే చేతులెత్తేసింది. సర్వర్ మాత్రం బ్యాటరీ మీద నిలబడింది.

కరెంటొచ్చాక చూస్తే అన్నీ లేచాయి. కానీ పింగ్‌లో మళ్ళీ మెట్లు! ఐడబ్ల్యూని అడిగితే పవర్ సేవ్ ఆన్. చార్జర్ ఎక్కే ఉంది. టీఎల్‌పీని అడిగితే ఏసీ మీదే ఉన్నానంటోంది.

జర్నల్ (సిస్టమ్ లాగ్) తీసి టైములు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది. కరెంటు రాగానే టీఎల్‌పీ లేచి పవర్ సేవ్ ఆఫ్ చేసింది, దాని పని అయిపోయింది. రౌటరు మాత్రం బూట్ అవడానికి ఇంకో నిమిషంపైనే తీసుకుంది. అది లేచాక నెట్‌వర్క్ మేనేజర్ మళ్ళీ కనెక్ట్ అయింది. కనెక్ట్ అయిన ప్రతిసారీ అది తన కాన్ఫిగరేషన్లో ఉన్న పవర్ సేవ్ విలువని కార్డు మీద కొత్తగా పెడుతుంది. ఆ విలువ ఆన్. చివరగా చెప్పినవాడి మాటే చెల్లింది.

రౌటరు ఆగకుండా చార్జర్ ఒక్కటే పీకి పెడితే ఇది ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే తిరిగి కనెక్ట్ అవ్వాల్సిన అవసరమే రాదు. రౌటరు యూపీఎస్ ఖాళీ అయ్యేంత పెద్ద కోత కావాలి. మన దగ్గర ఎండాకాలంలో దానికి కొదవ లేదు.

బుధవారం

నెట్‌వర్క్ మేనేజర్ ఆ ఆన్ ఎక్కడినుంచి తెచ్చిందో వెతికాను. సెట్టింగులుండే ఎట్సీ ఫోల్డర్లో, దాని కాన్ఫ్‌.డీ ఫోల్డర్లో ఉబుంటు నుంచి మింట్‌కి వారసత్వంగా వచ్చిన ఒక ఫైలు ఉంది. పేరు డిఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్. లోపల కనెక్షన్ అనే విభాగం కింద ఒక్కటే లైను, వైఫై.పవర్‌సేవ్ = 3. ఇక్కడ 0 అంటే డిఫాల్ట్, 1 అంటే నేను ముట్టుకోను, 2 అంటే ఆపు, 3 అంటే పెట్టు.

అందరూ 2 పెట్టమంటారు. ఎప్పుడూ చార్జర్ మీదే ఉండే మిషన్‌కి అది చాలు, టీఎల్‌పీ గొడవే వద్దు. నాకు కావాల్సింది మాత్రం 1. నెట్‌వర్క్ మేనేజర్ ఈ విషయంలో తలదూర్చకపోతే టీఎల్‌పీ చెప్పిందే నిలుస్తుంది. మళ్ళీ కనెక్ట్ అయినా కార్డు తన పాత స్థితిలోనే ఉంటుంది, ఎందుకంటే ఆ మీట కనెక్షన్‌ది కాదు, ఇంటర్‌ఫేస్‌ది.

ఆ ఉబుంటు ఫైలునే దిద్దొచ్చు. నేను మాత్రం విడిగా నా ఫైలు రాస్తాను, ఏది నేను మార్చానో ఏడాది తర్వాత కూడా తెలియాలి కదా. అయితే పేరు దగ్గర ఒక మెలిక ఉంది. ఈ ఫోల్డర్లో ఫైళ్ళని ఇంగ్లిషు అక్షరక్రమంలో చదువుతారు, తర్వాత చదివింది ముందుదాన్ని కొట్టేస్తుంది. అలవాటు కొద్దీ మొదట్లో 10 అని అంకె తగిలిస్తే అక్షరాలకంటే ముందు అంకెలొస్తాయి కాబట్టి మన ఫైలు ముందు చదివి, డిఫాల్ట్ అనే పేరున్న ఫైలు ఆ తర్వాత చదివి, మనది గాలికి పోతుంది. ఫైలు అక్కడే ఉంటుంది, దాంట్లో రాత సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. అందుకని పేరుకి ముందు జెడ్ జెడ్ తగిలించాను. నెట్‌వర్క్ మేనేజర్‌ని ప్రింట్ కాన్ఫిగ్ అనే ఆప్షన్‌తో పిలిస్తే అన్ని ఫైళ్ళూ కలిపాక చివరికి తేలిన విలువ చూపిస్తుంది. 1 వచ్చింది.

తర్వాత మంగళవారం జరిగినదాన్నే కావాలని మళ్ళీ జరిపించాను. సర్వర్ చార్జర్ పీకాను, రౌటరు ఆపాను, కాసేపాగి ముందు చార్జర్, తర్వాత రౌటరు. కనెక్ట్ అయ్యాక ఐడబ్ల్యూ జవాబు ఆఫ్. రీబూట్ చేసి కూడా చూశాను, డ్రైవరు ఆన్‌తోనే మొదలైనా టీఎల్‌పీ వచ్చి ఆఫ్ చేసింది.

గురువారం

ఇంత చేశాక కూడా అమ్మ యాప్‌లో ఒకసారి సర్వర్ కనపడలేదు. దీని కారణం కొంచెం వేరు, నాకు మాత్రం దీంట్లోనే ఎక్కువ ఆసక్తి కలిగింది.

యాప్ సర్వర్‌ని వెతికేది మల్టీక్యాస్ట్‌తో, అంటే “ఫలానా పేరుగలవాళ్ళు ఎవరు?” అని అందరినీ ఒకేసారి అడగడం. రౌటరుకి కలిసిన వాటిలో ఏ ఒక్కటి పవర్ సేవింగ్‌లో ఉన్నా సరే, రౌటరు బ్రాడ్‌క్యాస్ట్, మల్టీక్యాస్ట్ ప్యాకెట్లని అందరికీ కలిపి ఆపేసి, డీటిమ్ అనే ప్రత్యేక బీకన్ తర్వాతే వదులుతుంది. మా ఇంట్లో అమ్మ ఫోను, నా ఫోను, టీవీ ఉన్నాయి. ఫోన్లు ఎప్పుడూ కునుకులోనే ఉంటాయి. కాబట్టి సర్వర్ కార్డు కళ్ళు తెరుచుకుని కూర్చున్నా ఈ రకం ప్యాకెట్ల ఆలస్యం పోదు. పైగా రౌటరు గాల్లోకి వదిలే మల్టీక్యాస్ట్‌కి అందిందన్న రసీదు ఉండదు, అందకపోతే మళ్ళీ పంపడమూ ఉండదు. ఫోను ఆ క్షణంలో వినకపోతే ఆ జవాబు పోయినట్టే.

దీనికి డ్రైవర్లో మందు లేదు. రౌటర్లో సర్వర్‌కి ఒకే ఐపీ అడ్రస్ ఎప్పుడూ ఇచ్చేలా రిజర్వ్ చేసి, అమ్మ ఫోన్ యాప్‌లో పేరు తీసేసి ఆ అడ్రసే కొట్టాను. వెతుకులాటే లేదిక.

రౌటర్లో బీకన్ ఇంటర్వల్‌ని 50 చేస్తే ఆలస్యం సగమవుతుందనే ఆలోచన రాకపోలేదు. వద్దనుకున్నాను. బీకన్లు రెట్టింపు అయితే గాల్లో అంత సమయం వాటికే పోతుంది, పడుకున్న ప్రతి ఫోనూ రెండింతలు లేవాలి. ఒక్క సర్వర్ కోసం ఇంట్లో అన్ని బ్యాటరీల మీదా భారం వెయ్యడం న్యాయం కాదు.

శుక్రవారం

పొదుపు ఎంతో కొలవకుండా పొదుపు గురించి మాట్లాడితే ఎలా? చార్జర్ పీకి, స్క్రీన్ ఆర్పి, సిస్ ఫోల్డర్లో బ్యాటరీ కింద ఉండే పవర్ నౌ ఫైలుని కొన్ని సెకన్లకోసారి చదివి సగటు కట్టే చిన్న స్క్రిప్టు పెట్టాను. దాంట్లో అంకె మైక్రోవాట్లలో ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఈ ఫైలు ఉండదు, కరెంట్ నౌ, వోల్టేజ్ నౌ తీసి గుణించుకోవాలి.

ఖాళీగా ఉన్నప్పుడు మిషన్ మొత్తం ఆరేడు వాట్లు తాగుతోంది. వైఫై పవర్ సేవ్ పెట్టినా తీసినా తేడా అర వాటు లోపే. ఒక్కోసారి డిస్క్ తిరగడం వల్ల వచ్చే ఊగిసలాటే దీనికంటే ఎక్కువ, అందుకే ఎక్కువసేపు సగటు తీస్తే తప్ప తేడా కనపడలేదు. స్క్రీన్ వెలుతురు రెండు మెట్లు తగ్గిస్తే ఆదా అయ్యేది ఇంతకంటే ఎక్కువ. పాత బ్యాటరీ మీద లెక్కేస్తే కోత సమయంలో కొన్ని నిమిషాలు కలిసొస్తాయి, అంతే.

ఫోన్ అయితే సంగతి వేరు. అక్కడ మొత్తం ఖర్చే తక్కువ కాబట్టి రేడియో వాటా పెద్దది, నిద్ర లేకపోతే పూట కూడా గడవదు. ల్యాప్‌టాప్‌లో డిఫాల్ట్‌గా ఆన్ పెట్టడాన్ని నేను తప్పు పట్టను, చేతిలో పట్టుకుని తిరిగేవాడికి ఆ 100 మిల్లీసెకన్లు తెలియవు, అర వాటు మాత్రం మిగులుతుంది. కానీ బీరువా మీద కూర్చుని పదిమందికి జవాబు చెప్పే మిషన్‌కి అది సరిపడే డిఫాల్ట్ కాదు. బ్యాటరీ మీద ఆన్ అనే ఏర్పాటు మాత్రం అలాగే ఉంచాను. ఎలాగూ పని చేస్తోంది, ఆ కొన్ని నిమిషాలెందుకు పోగొట్టుకోవాలి?

శుక్రవారం రాత్రి

హైదరాబాద్‌ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి విండోస్ ల్యాప్‌టాప్ సంగతి.

“అన్నా, చార్జర్ పీకితే చాలు, గేమ్‌లో లాగ్ వస్తోంది. నీ కమాండ్ ఏదో చెప్పు.”

“కమాండ్ అక్కర్లేదురా. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరువు. వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ అని ఉంటుంది చూడు.”

“ఆ... లేదన్నా.”

కొత్త మిషన్లలో, మోడర్న్ స్టాండ్‌బై (ఫోన్‌లా చటుక్కున లేచే నిద్ర) ఉన్నవాటిలో, ఆ వరుస కనపడకపోవచ్చు. ఉన్నవాళ్ళకి పవర్ సేవింగ్ మోడ్ కింద బ్యాటరీకి విడిగా, చార్జర్‌కి విడిగా మాగ్జిమం పెర్ఫార్మెన్స్ నుంచి మాగ్జిమం పవర్ సేవింగ్ దాకా నాలుగు మెట్లు ఉంటాయి. వాడిని డివైస్ మేనేజర్లో కార్డు ప్రాపర్టీస్ తెరవమన్నాను. అక్కడ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో మైమో (ఒకటికంటే ఎక్కువ యాంటెన్నాల) పవర్ సేవ్ మోడ్ లాంటివి ఉంటే కనపడతాయి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఉండే టిక్కు వేరు, అది ఈ బీకన్ కునుకు గురించి కాదు, కార్డునే పూర్తిగా ఆర్పడానికి విండోస్‌కి ఇచ్చే అనుమతి. ఏదైనా మార్చే ముందు పింగ్ పెట్టి చూడమన్నాను. కాకపోతే వాడి ల్యాప్‌టాప్ నుంచి కాదు, పక్కవాడి ల్యాప్‌టాప్ నుంచి వాడిదానికి.

“పక్కోడి ల్యాప్‌టాప్ నుంచా? ఎందుకన్నా?”

చెబితే అరగంట పడుతుంది. ఆదివారం చెబుతానన్నాను.

మిగిలిన పనులు: రౌటరు యూపీఎస్‌లో బ్యాటరీ మార్చాలి. ఫోటోల బ్యాకప్ రాత్రి రెండింటికి నడిచేలా పెట్టాలి. ఓనరుగారు పండక్కి వచ్చినప్పుడు, గోడకి చిల్లు పెట్టకుండా తలుపు పైనుంచి ఫ్లాట్ కేబుల్ లాగుతానంటే ఏమంటారో అడిగి చూడాలి.